అరగంటలో ఇటాలియన్ చికెన్ సూప్: మిగతా రెండున్నర గంటలు ఎక్కడికి పోయాయి?

ఇటాలియన్ చికెన్ సూప్ ఎలా చేస్తారో చూద్దామని ఫోన్ తీస్తే ఒకాయన ముప్పై నిమిషాల్లో అయిపోతుందంటాడు. ఆ వెంటనే ఇంకొకావిడ వచ్చి, మూడు గంటలు సన్న సెగ మీద ఉంచకపోతే అది సూపే కాదంటుంది. ఆయన గిన్నెలో టమాటా, వెల్లుల్లి, పాలకూర, రాజ్మా గింజలు, చీల్చిన చికెన్, పాస్తా అన్నీ కలిసి చెంచా నిలబడేంత చిక్కగా ఉంటాయి. ఆవిడ గిన్నెలో లేత బంగారు రంగు తేట నీరు, అడుగున ఆవగింజలకన్నా కాస్త పెద్దగా చుక్కల్లాంటి పాస్తా, అంతే. కోడి ముక్క వెతికినా దొరకదు. పేరు మాత్రం రెండింటికీ ఒకటే.

2025 డిసెంబరులో ఢిల్లీ ఎర్రకోటలో యునెస్కో సమావేశం జరిగింది. మన దీపావళిని వారసత్వ జాబితాలో చేర్చిన ఆ సమావేశంలోనే ఇటాలియన్ వంటకీ చోటు దక్కింది. ఇలాంటి గుర్తింపు వచ్చినప్పుడల్లా 'ఇందులో అసలుదేది' అనే తగువు కూడా వెంట వస్తుంది. చికెన్ సూప్ విషయంలో ఆ తగువు తెమలాలంటే ఒక లెక్క తేలాలి. మూడు గంటల పని అరగంటలో ఎలా అవుతోంది? తగ్గిన టైమ్‌కి బదులు గిన్నెలోకి ఏం వచ్చి పడుతోంది?

ముందు పేర్ల సంగతి

మనం 'సూప్' అని ఒక్క మాటతో సరిపెట్టేసేదాన్ని ఇటలీలో కనీసం మూడు పేర్లతో పిలుస్తారు.

మొదటిది బ్రోదో. మాంసం, కొన్ని ఎముకలు, ఒక ఉల్లిపాయ, ఒక క్యారెట్, ఒక సెలరీ కాడ చన్నీళ్లలో వేసి, గంటల తరబడి కాచి, వడకట్టిన తేట నీరు. మన చారుకి చుట్టంలా కనిపిస్తుంది గానీ ఇందులో పులుపూ ఉండదు, కారమూ ఉండదు. వంట దీనితో పూర్తవదు. దీన్ని పెట్టుకునే అసలు వంట మొదలవుతుంది.

రెండోది మినెస్త్రా. కూరగాయలు, గింజలు, పాస్తా లేదా బియ్యం బ్రోదోలోనో మామూలు నీళ్లలోనో ఉడికించి చెంచాతో తినేది. ఇటాలియన్‌లో మాట చివర 'ఓనే' తగిలిస్తే పెద్దదని అర్థం. మినెస్త్రోనే అంటే అన్నీ వేసిన పెద్ద మినెస్త్రా అన్నమాట.

మూడోది జుప్పా. గిన్నెలో బ్రెడ్డు ముక్క పెట్టి దాని మీద పోసుకునేది. పద్ధతి ప్రకారం ఇందులో పాస్తా గానీ బియ్యం గానీ వేయరు. ఇప్పటి హోటళ్లలో ఈ తేడాలు అంత గట్టిగా పాటించడం లేదనుకోండి.

వంటల వీడియోల్లో వినపడే 'స్టాక్' వీటన్నిటికీ బయటిది. అది ఫ్రెంచి వంటింటి సరుకు. ఎముకలు ఎక్కువ, మాంసం తక్కువ, సాస్‌లకి పునాదిగా చిక్కగా తీస్తారు. బ్రోదోలో మాంసం పాలు ఎక్కువ, రుచి తేలిక. నేరుగా తాగడానికి పనికొచ్చేది బ్రోదోనే. ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం దగ్గర సగం గందరగోళం మొదలవుతుంది.

ఇప్పుడు మన వీడియోల సంగతి చూస్తే, ఆవిడది బ్రోదోలో పాస్తా. ఆయనది కోడిని బయటికి తీయకుండా చేసిన మినెస్త్రా. రెండూ వేరే వంటలు.

సూపులోంచి కోడి ఎందుకు లేచిపోతుంది?

ఇటలీలో పద్ధతైన భోజనంలో వరస ఉంటుంది. మొదట వచ్చేది ప్రీమో, అంటే పాస్తా, అన్నం, సూప్ లాంటివి. తర్వాత వచ్చేది సెకొందో, మాంసమో చేపో. కోడిని కాచినప్పుడు నీరు ప్రీమోకి, మాంసం సెకొందోకి వెళ్తాయి. ఉడికిన కోడిని వేరే పళ్లెంలో పెట్టి, పక్కన కొత్తిమీరలాంటి పార్స్లీ ఆకు, కేపర్లు అనే ఊరబెట్టిన మొగ్గలు, ఆంచోవీ చేపలు నూరి ఆలివ్ నూనెలో కలిపిన పచ్చటి సల్సా వెర్దే వేస్తారు. చప్పటి ముక్కకి పచ్చడి నంజుకున్నట్టు. ఒకే కోడి రెండు వడ్డనలకి సరిపోతుంది. 'హార్టీ' అని పిలిచే కడుపు నింపే సూప్ ఈ రెండు వడ్డనల్నీ ఒకే గిన్నెలో కలిపేసింది. ఇటాలియన్లు దాన్ని చూసి ముఖం చిట్లించేది టమాటా వేసినందుకన్నా ఈ కలపడానికే ఎక్కువ.

ఇక్కడ ఒక చిక్కుంది. దాన్ని 1891లోనే పెల్లెగ్రీనో అర్తూజి తన వంటల పుస్తకంలో మొదటి వంటకం కిందే రాసేశాడు. మంచి బ్రోదో కావాలంటే మాంసాన్ని చన్నీళ్లలో వేసి, పొంగకుండా, నెమ్మది నెమ్మదిగా కాచాలి. మంచి ఉడికిన మాంసం కావాలంటే మాత్రం మొహమాటం లేకుండా మరిగే నీళ్లలో వెయ్యాలి. అంటే కోడి తన రుచిని నీళ్లకైనా ఇవ్వాలి, తనలోనైనా దాచుకోవాలి. కొబ్బరి పాలు గట్టిగా పిండాక మిగిలిన పిప్పితో పచ్చడి చేస్తే ఎలా ఉంటుందో, మూడు గంటలు కాచిన చెస్ట్ పీస్ అలా ఉంటుంది. అందుకే దానికి సల్సా వెర్దే తోడు కావాలి.

అరగంట సూప్ ఈ పేచీలో మాంసం పక్షం వహిస్తుంది. ముక్క మెత్తగా, రసంతో ఉన్నప్పుడే పొయ్యి కట్టేస్తుంది. దానివల్ల నీటికి రావలసింది పూర్తిగా రాదు. మిగతా హంగులన్నీ ఆ లోటు పూడ్చడానికే.

మూడు గంటల్లో గిన్నెలో జరిగేదేమిటి?

చర్మంలో, కీళ్లలో, ఎముకల చుట్టూ కొలాజెన్ అనే గట్టి ప్రొటీన్ ఉంటుంది. నీళ్లలో చాలాసేపు వేడి తగిలితే అది కరిగి జెలటిన్ అవుతుంది. హైదరాబాద్‌లో పొద్దున్నే పాయా తాగి పెదవులు ఒకదానికొకటి అంటుకున్నట్టు అనిపించినవాళ్లకి జెలటిన్ గురించి వేరే చెప్పక్కర్లేదు. నీళ్లలా పలచగా ఉన్నా నోట్లో బరువుగా, నిండుగా అనిపించడానికి కారణం అదే. బాగా తీసిన బ్రోదోని రాత్రి ఫ్రిజ్‌లో పెడితే పొద్దున్నకి జెల్లీలా గడ్డకడుతుంది. ఇరవై నిమిషాలు ఉడికించిన బోన్‌లెస్ చికెన్ నీరు ఎన్ని రోజులు పెట్టినా నీరుగానే ఉంటుంది.

సెగ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. నీళ్లు వేడెక్కేటప్పుడు మాంసంలోంచి వచ్చిన ప్రొటీన్లు బూడిద రంగు తెట్టులా పైకి తేలతాయి. సన్న సెగ మీద అయితే గరిటెతో తీసేయొచ్చు. తెర్లించి మరిగిస్తే ఆ తెట్టు, కొవ్వు చిన్న చిన్న తునకలై నీళ్లలో కలిసిపోయి సూప్ మబ్బుపట్టినట్టు అవుతుంది. రుచి మరీ పాడవదు గానీ తేటదనం పోతుంది. తేట బ్రోదోలో టోర్టెల్లినీ అనే కూరు పెట్టిన బుల్లి పాస్తా వేసుకునే ఇటలీలోని బొలోన్యా ఊరివాళ్లకి అది చిన్న విషయం కాదు. వాళ్లు 1974లో టోర్టెల్లినీ లోపల పెట్టే కూరు ఎలా ఉండాలో రాయించి ఊరి వాణిజ్య మండలిలో దాఖలు చేసినవాళ్లు.

ఇంకో మాట, కోడి వయసు. ఇటాలియన్‌లో ఒక సామెత ఉంది: గల్లీనా వెక్కియా ఫా బువోన్ బ్రోదో. ముసలి కోడే మంచి చారు ఇస్తుందని. నాటుకోడి పులుసు తిన్న వాళ్లెవరూ దీన్ని కాదనరు. తిరిగి, గింజలు ఏరుకుని, ఏడాది రెండేళ్లు బతికిన కోడి మాంసం గట్టిగా ఉంటుంది, ఉడకడానికి ఓపిక కావాలి, కానీ నీళ్లకి ఇచ్చే రుచే వేరు. మన షాపుల్లో దొరికే బ్రాయిలర్ ఆరు వారాలకే రెండు కిలోలు తూగుతుంది. త్వరగా మెత్తబడుతుంది, ఇవ్వడానికి దాని దగ్గర ఉన్నదీ తక్కువే. పైగా మన దగ్గర ఎక్కువమంది స్కిన్‌లెస్ కొట్టించుకుంటారు. అంటే కొలాజెన్‌లో పెద్ద వాటా చికెన్ షాపులోనే ఉండిపోతుంది. అదే షాపులో కోడి కాళ్లు, మెడలు అడిగితే దాదాపు ఊరికే ఇచ్చేస్తారు. జెలటిన్ కోసం వెతికేవాళ్లకి ఆ కవరే అసలు సరుకు.

అరగంట సూప్ అప్పు తెచ్చుకునే చోట్లు

టైమ్ లేనప్పుడు రుచి వేరేచోటి నుంచి రావాలి. ఇటాలియన్ వంటింట్లో అందుకు చాలానే దారులున్నాయి.

సోఫ్రిత్తో అన్నిటికన్నా పాతది. ఉల్లి, క్యారెట్, సెలరీ సన్నగా తరిగి ఆలివ్ నూనెలో మెల్లగా మగ్గించడం. దీన్ని 'ఇటాలియన్ తాలింపు' అని కొందరు పరిచయం చేస్తుంటారు. ఆ పోలిక కాస్త దారి తప్పిస్తుంది. మన తాలింపు కాగిన నూనెలో ఆవాలు చిటపటలాడిన అరనిమిషం పని. సోఫ్రిత్తోలో చప్పుడు వినపడిందంటే మంట ఎక్కువైనట్టే. పది పదిహేను నిమిషాల్లో కూరగాయల్లో నీరు ఇంకి, ఉల్లి అద్దంలా మారి, తీపి పైకి వస్తుంది. మనం గ్రేవీ కోసం ఉల్లిపాయలు ఓపిగ్గా మగ్గిస్తామే, దానికి దగ్గర. సెలరీ ఇప్పుడు పెద్ద ఊళ్ల సూపర్ మార్కెట్లలో దొరుకుతుంది. దొరకకపోతే కొత్తిమీర కాడలు వేస్తుంటారు కొందరు. బాగానే ఉంటుంది, కాకపోతే వాసన మన వైపుకి తిరుగుతుంది.

రెండోది ముక్కల్ని ముందు నూనెలో ఎర్రగా వేయించడం. సంప్రదాయ బ్రోదోలో ఇది ఉండదు, రంగు మారిపోతుందని. అరగంట సూప్‌లో మాత్రం గిన్నె అడుగున అంటుకున్న ఆ గోధుమరంగు మాడే సగం రుచి. నీళ్లు పోసి గరిటెతో గీరితే అంతా సూపులోకి దిగుతుంది.

మూడోది పార్మెసాన్ పెచ్చు, అంటే ఆ చీజ్ పైన ఉండే గట్టి తొక్క. నాకు అన్నిటికన్నా నచ్చే తెలివి ఇదే. పార్మెసాన్ అసలు పేరు పార్మిజానో రెజ్జానో, దాన్ని కనీసం 12 నెలలు మాగబెడతారు. ఆ ఏడాదిలో పాల ప్రొటీన్లు విరిగి గ్లూటమేట్ విడుదలవుతుంది. 1908లో జపాన్ రసాయన శాస్త్రవేత్త కికునే ఇకెడా ఉమామి అని పేరుపెట్టిన రుచి దానిదే. 100 గ్రాముల పార్మెసాన్‌లో గ్లూటమేట్ 1200 మిల్లీగ్రాములకి పైనే ఉంటుంది. చికెన్‌లో ఇనోసినేట్ అనే ఇంకో పదార్థం ఉంటుంది. ఈ రెండూ కలిస్తే ఉమామి ఒకటికి ఒకటి కూడినట్టు కాకుండా అంతకు చాలా రెట్లు తెలుస్తుంది. అంటే చికెన్ నీళ్లలో చీజ్ పెచ్చు వేసిన ఇటాలియన్ బామ్మకి రసాయన శాస్త్రం తెలియకపోయినా లెక్క మాత్రం సరిగ్గా కుదిరింది. ఆ పెచ్చు మైనం కాదు, గట్టిపడిన చీజే. తురమడానికి పనికిరాని ముక్కని కడిగి సూప్‌లో వేస్తే చివరికి మెత్తగా సాగుతూ వస్తుంది.

మన పాఠకులకి అవసరమైన సంగతి ఒకటుంది. పార్మిజానో రెజ్జానో నియమాల ప్రకారం పాలు విరగడానికి వాడేది దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్. బీఫ్ ముట్టనివాళ్లు ఇది తెలుసుకుని నిర్ణయించుకోవడం మంచిది. శాకాహార రెన్నెట్‌తో చేసిన పార్మెసాన్ తరహా చీజ్‌లు వేరే ఉన్నాయి, లేబుల్ మీద రాసుంటుంది. ఐరోపాలో 'పార్మెసాన్' అనే పేరు కూడా పార్మిజానో రెజ్జానోకే చెందుతుందని 2008లో యూరోపియన్ కోర్టు తేల్చింది. అమెరికాలో ఆ కట్టుబాటు లేదు, అక్కడ డబ్బాలో పొడి మీద కూడా అదే పేరుంటుంది.

నాలుగోది బుల్యన్ క్యూబ్, అంటే నీళ్లలో కరిగిస్తే బ్రాత్ (కాచి వడకట్టిన చికెన్ నీరు) బదులు పనికొచ్చే ఉప్పటి దిమ్మ. అరగంట వంటల్లో 'ఒక లీటరు చికెన్ బ్రాత్ పోయండి' అని తేలిగ్గా అనేస్తారు. అమెరికాలో అది అట్టపెట్టెలో దొరుకుతుంది. మన దగ్గర దాని బదులు క్యూబే. దీని లెక్క కాగితం మీద వేస్తే బాగుంటుంది. మామూలు క్యూబ్ 10 గ్రాములు, అందులో దాదాపు సగం ఉప్పు. ఒకటి అరలీటరుకి. నలుగురికి లీటరున్నర సూప్ అంటే మూడు క్యూబులు, సుమారు 15 గ్రాముల ఉప్పు. మనిషికి దాదాపు 4 గ్రాములు పడింది, చీజ్‌లో ఉప్పు ఇంకా కలపలేదు. రోజు మొత్తానికి 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. అలాగని క్యూబ్ విషమని కాదు, ఇటలీ ఇళ్లలోనూ వాడతారు. మూడింటికి బదులు ఒకటి వేసి పైన పెచ్చు, సోఫ్రిత్తో ఉంటే సరిపోతుంది. క్యూబ్ వేశాక మళ్లీ అలవాటుగా ఉప్పు డబ్బా తీస్తేనే ఇబ్బంది.

గడియారం పెట్టుకుని చూస్తే

ముప్పై నిమిషాల మాట నిజమో కాదో తేల్చుకుందామని ఒక ఆదివారం వంటింటి గట్టు మీద ఫోన్‌లో టైమర్ పెట్టుకున్నాను. నలుగురికి: ఎముకతో ఉన్న తొడ ముక్కలు 600 గ్రాములు, ఒక ఉల్లిపాయ, రెండు క్యారెట్లు, రెండు సెలరీ కాడలు, రెండు వెల్లుల్లి రెబ్బలు, చెంచాడు టమాటా పేస్టు, పెచ్చు ముక్క, నీళ్లు లీటరున్నర, చిన్న పాస్తా 120 గ్రాములు, ముందే ఉడికించిన రాజ్మా ఒక కప్పు, గుప్పెడు పాలకూర.

తరగడానికి 12 నిమిషాలు. ముక్కలు రెండు వైపులా ఎర్రబడడానికి 8. సోఫ్రిత్తోకి 10. టమాటా పేస్టు పచ్చివాసన పోవడానికి 2. కెటిల్‌లో కాచిన నీళ్లు పోసినా మళ్లీ మరుగు రావడానికి 6. తొడ ముక్క ఎముక నుంచి విడవడానికి సన్న సెగ మీద 25. ముక్కలు బయటికి తీసి చీలుస్తుండగా పాస్తా, పాలకూర ఉడకడానికి 9. మొత్తం 72 నిమిషాలు. వడ్డించేసరికి ఇంట్లో ఒకరు అప్పటికే పెరుగన్నం కలుపుకున్నారు.

అయితే ముప్పై అన్నవాళ్లు అబద్ధం చెప్పారా అంటే, లేదు. తరుగుడు లెక్కలోంచి తీసేయండి, ఎందుకంటే పదార్థాల జాబితాలోనే 'తరిగిన ఉల్లిపాయ' అని రాసేశారు. వేయించడం తీసేయండి. తొడ బదులు బోన్‌లెస్ చెస్ట్ పీస్ పెట్టండి, అది 12 నిమిషాల్లో ఉడికిపోతుంది, పాస్తా కూడా ఆ పన్నెండులోనే అవుతుంది. ఇప్పుడు 10, 2, 6, 12 కలిపితే సరిగ్గా ముప్పై. కాకపోతే చెస్ట్ పీస్ నీళ్లకి ఏమీ ఇవ్వదు కాబట్టి మామూలు నీళ్ల బదులు ఎవరో ముందే కాచిన బ్రాత్ పోయాలి. ఆ రెండున్నర గంటలు మాయమవలేదు, ఏదో ఫ్యాక్టరీలోనో నిన్నటి మన పొయ్యి మీదో అప్పటికే గడిచిపోయాయి.

చెస్ట్ పీస్ వాడితే కాపలా కాయాలి. లోపల 74 డిగ్రీల సెల్సియస్ చేరితే తినడానికి భద్రమని అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే లెక్క. అక్కడి నుంచి పది నిమిషాలు ఏమరితే పీచు పీచుగా ఎండిపోతుంది. తొడ ముక్కకి ఆ భయం లేదు, అందులో ఉన్న కొలాజెన్, కొవ్వు ఎక్కువసేపు ఉడికేకొద్దీ మెత్తన చేస్తాయి. ఫోన్ చూసుకుంటూ వండేవాళ్లకి తొడే మేలు.

కుక్కర్ సంగతి అడుగుతారు కదా. కుక్కర్ లోపల వేడి 120 డిగ్రీల దాకా వెళ్తుంది కాబట్టి కొలాజెన్ చాలా త్వరగా కరుగుతుంది. మెడలు, కాళ్లు వేసి నలభై నిమిషాలు ఉంచితే పొయ్యి మీద రెండు మూడు గంటలు కాచినదానికి దగ్గరగా వస్తుంది. ఒక మెలిక ఉంది. విజిల్ వచ్చినప్పుడల్లా లోపల ఒత్తిడి ఒక్కసారిగా పడి నీళ్లు తెర్లుతాయి, సూప్ మబ్బుగా మారుతుంది. మొదటి విజిల్ తర్వాత మంట బాగా తగ్గించి మళ్లీ విజిల్ రానివ్వకుండా ఉంచితే తేటగా దిగుతుంది. అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఇంకో దారి ఉంది. స్టోర్లో కాల్చి అమ్మే కోడిని కొని, మాంసం ఒలుచుకుని, మిగిలిన ఎముకల గూడుని ఇలాగే కాచుకుంటే వేయించిన రుచి కూడా అందులోనే వస్తుంది.

పాస్తా ఎక్కడ ఉడకాలి?

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ రెండు పక్షాలూ గట్టిగా వాదిస్తాయి. పాస్తా సూపులోనే ఉడకాలనేవాళ్ల మాట: పిండి పదార్థం నీళ్లలోకి దిగి సూప్‌కి చిక్కదనం వస్తుంది, పాస్తా లోపలికి చికెన్ రుచి ఎక్కుతుంది. రెండూ నిజమే. వేరే గిన్నెలో ఉడికించి వడ్డించేటప్పుడు కలపాలనేవాళ్లది రేపటి చూపు. ఎండు పాస్తా ఉడికేసరికి తన బరువుకి రెట్టింపు అవుతుంది. పైన చెప్పిన 120 గ్రాములు పొయ్యి మీదే 120 మిల్లీలీటర్లకి పైగా తాగేస్తాయి. పొయ్యి కట్టేశాక కూడా ఆగవు. రాత్రి మిగిలిన గిన్నె పొద్దున్న మూత తీసి చూస్తే సూప్ ఉండదు, చికెన్ వేసిన ఉప్మా ఉంటుంది. ఆ పూటే అయిపోతుందనుకుంటే లోపల, మిగులుతుందనుకుంటే బయట. తగువు అక్కడితో తీరుతుంది.

సూప్‌కి పొడవాటి స్పగెట్టీ కాకుండా చెంచాలో పట్టేవి వాడతారు. చిన్న గొట్టాల్లా ఉండే దితలీనీ, బియ్యపు గింజల్లాంటి ఓర్జో, నక్షత్రాల్లాంటి స్టెల్లీనే. ఇటలీలో ఎండు పాస్తా దురుమ్ గోధుమతోనే చేయాలని 1967 నుంచి చట్టం ఉంది. అది గట్టి గోధుమ, త్వరగా చితకదు. మన సేమ్యా వేసినా సూప్ అవుతుంది, కాకపోతే సేమ్యా సన్నం కాబట్టి రెండు మూడు నిమిషాలు చాలు.

'ఇటాలియన్ సీజనింగ్' ఎవరిది?

ఒరెగానో, బేసిల్, థైమ్, రోజ్‌మేరీ కలిపిన ఎండాకుల సీసా మీద ఆ పేరుంటుంది. అది అమెరికా మార్కెట్ అలవాటు. బ్రోదోలో పార్స్లీ కాడలు, బిర్యానీ ఆకు చుట్టమైన బే ఆకు, ఉల్లిపాయకి గుచ్చిన ఒకటి రెండు లవంగాలు, ఇంతకు మించి పడవు. అయితే వేస్తే తప్పా అంటే, అదేం లేదు. థైమ్, ఒరెగానోల్లో ఘాటుకి కారణమైన థైమోల్ మన వాములోనూ ఉంటుంది. అందుకే ఆ సీసా మూత తీయగానే ఎక్కడో తెలిసిన వాసనలా అనిపిస్తుంది. ఇటాలియన్ బేసిల్ మన పూజ తులసి కాదు. సబ్జా గింజలిచ్చే మొక్క జాతిది.

అసలు నకిలీల వాదనలో రెండు వైపులా బలం ఉంది. 1880 నుంచి 1920 దాకా 40 లక్షలకి పైగా ఇటాలియన్లు అమెరికా వెళ్లారు. ఎక్కువమంది దక్షిణాది పేదలు. ఊళ్లో పండక్కి మాత్రమే దొరికే మాంసం అక్కడ వారానికి రెండు మూడుసార్లు అందింది. గిన్నెలో ముక్కలు పెరిగాయి, చీజ్ పెరిగింది, రెండు వడ్డనలు ఒకటయ్యాయి. ఆ కుటుంబాల మనవలు దాన్ని ఇటాలియన్ అనే పిలుస్తారు, వాళ్ల నానమ్మ వండింది మరి. 'ఇటాలియన్ వెడ్డింగ్ సూప్' కథ కూడా అలాంటిదే. నేపుల్స్ వైపు మినెస్త్రా మరితాతా అనే వంటకం ఉంది. ఆకుకూరలకీ మాంసానికీ పెళ్లి కుదిరిందని ఆ పేరు. అమెరికాలో అది పెళ్లిలో వడ్డించే సూప్ అనే అర్థంలోకి జారింది. చిన్న చిన్న మాంసం ఉండలు కూడా అక్కడ చేరినవే.

ఇంకోవైపు, ఇటలీలో ఉన్నదంతా తాతల నాటిదే అనే నమ్మకాన్ని పార్మా విశ్వవిద్యాలయం చరిత్రకారుడు అల్బెర్తో గ్రాందీ కొన్నేళ్లుగా ఎద్దేవా చేస్తున్నాడు. 2023లో ఒక ఇంగ్లిషు పత్రిక ఇంటర్వ్యూలో రోమ్‌దిగా పేరుపడ్డ కార్బొనారా పాస్తా అమెరికా వంటకమేనని అనేసరికి ఇటలీలో పెద్ద రభసే అయింది. ఆయన చెప్పినవన్నీ ఒప్పుకోవాల్సిన పని లేదు. నామట్టుకు 'ఇటాలియన్ తరహా' అని రాస్తే పేచీ లేదు, 'అసలు సిసలు' అని రాస్తేనే నిలదీయాలి.

జలుబుకి పనిచేస్తుందా?

అమెరికాలోని ఇటాలియన్ కుటుంబాల్లో పాస్తీనాకి 'ఇటాలియన్ పెన్సిలిన్' అని ముద్దుపేరు. పాస్తీనా అంటే బుల్లి పాస్తా. ఒంట్లో బాగోని పిల్లలకి చికెన్ నీళ్లలో ఉడికించి కాస్త వెన్న, చీజ్ వేసి పెడతారు. మనకి జావ ఎలాగో వాళ్లకి అది అలా. 2023 జనవరిలో రొంజోని కంపెనీ పాస్తీనా తయారీ ఆపేస్తున్నామని చెప్పగానే అక్కడ జనం సంతకాల సేకరణ దాకా వెళ్లారు.

మందుగా దాని బలమెంత? అమెరికాలోని నెబ్రాస్కాలో స్టీఫెన్ రెన్నార్డ్ అనే డాక్టరు బృందం 2000లో ఒక పరిశోధన ప్రచురించింది. చికెన్ సూప్ తగిలినప్పుడు న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాల కదలిక తగ్గింది. జలుబులో ముక్కు, గొంతు వాయడంలో ఆ కణాలకి పాత్ర ఉంది కాబట్టి ఇది ఆసక్తికరమే. కానీ అది ప్రయోగశాలలో కణాల మీద చేసింది, మనుషులకి తాగించి చూసింది కాదు. వాడింది కూడా ఆయన భార్య తరఫు వాళ్ల ఇంటి సూప్, ఇటాలియన్ది కాదు. 1978లో వచ్చిన ఇంకో చిన్న పరిశోధనలో చన్నీళ్లకన్నా వేడి చికెన్ సూప్ తాగినప్పుడు ముక్కులో చీమిడి త్వరగా కదిలింది. ఇంతవరకే చెప్పగలం. వేడి, ఉప్పు, నీరు, కాస్త ప్రొటీన్, ఆకలి లేనప్పుడు కూడా గొంతు దిగడం, ఇవి ఎలాగూ ఉన్నాయి. మిరియాల చారుకీ ఇవే ఉన్నాయి, ప్రొటీన్ తప్ప.

నిజంగా అయిదు నిమిషాల్లో అయ్యేది

ఇంత లెక్క వేశాక ఒక సంగతి చెప్పకపోతే అన్యాయం. రోమ్‌లో స్ట్రాచ్చతెల్లా అనే సూప్ ఉంది, దానికి అరగంట కూడా అక్కర్లేదు. నాలుగు గుడ్లు, నాలుగు చెంచాల తురిమిన పార్మెసాన్, రెండు చెంచాల రవ్వ, చిటికెడు జాజికాయ పొడి గిలక్కొట్టి, మరుగుతున్న లీటరు బ్రోదోలో పోస్తూ ఫోర్క్‌తో తిప్పుతారు. గుడ్డు పీలికలు పీలికలుగా విడిపోతుంది. స్ట్రాచ్చి అంటే చిరిగిన గుడ్డ పేలికలు, పేరు అందుకే. అదే పేరుతో చాక్లెట్ తునకల ఐస్‌క్రీమ్ ఒకటి, దక్షిణాది చీజ్ ఒకటి ఉన్నాయి, మెనూలో చూసి కంగారుపడొద్దు.

ఆ లీటరు బ్రోదో సిద్ధంగా ఉంటేనే ఇదంతా. ఆదివారం చికెన్ కొట్టించినప్పుడు మెడ, రెక్కల చివర్లు, రెండు జతల కాళ్లు విడిగా తెచ్చి, మిగతా వంట జరుగుతున్నంతసేపూ వెనక బర్నర్ మీద పడేస్తే ఎవరి టైమూ పోదు. వడకట్టి, చల్లారాక స్టీలు డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే పైన కొవ్వు పసుప్పచ్చగా పేరుతుంది, మూడు నాలుగు రోజులకి ఢోకా లేదు. మంగళవారం రాత్రి ఆఫీసు నుంచి వచ్చి డబ్బా వంచితే కిందికి కారదు, ముద్దగా వణుకుతూ గిన్నెలోకి జారుతుంది. అది కరిగి మరిగేలోపు గుడ్లు కొట్టుకోవచ్చు.